మనం పీల్చే గాలికి మన లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు అడిగినప్పుడు, హైదరాబాదులో ఉంటున్న మా బ్యాచ్ మిత్రులం ఒక ఆదివారం కలిసి కూర్చున్నాం. చదువు గురించి, ఉద్యోగాల గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి మన హాస్టల్ పిల్లల ఇళ్లకు దగ్గరగా ఉన్నా మనం ఎన్నడూ లెక్క చూసుకోని ఒక విషయం రాయాలనుకున్నాం. అదే మనం పీల్చే గాలి.

దీనికి కారణం మాలో ఒక మిత్రుడి తల్లి. ఆమె నగరంలో రోడ్లు ఊడ్చే పని చేస్తుంది. కోడి కూయక ముందే లేచి పనికి పోతుంది. ఎండ ఎక్కేసరికి దగ్గుకుంటూ ఇంటికి వస్తుంది. ఒకరోజు మా మిత్రుడు పేపరు చదువుతూ "అమ్మా, ఈరోజు మన సిటీ గాలి సంతృప్తికరంగా ఉందంట" అన్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ "ఎవరి గాలి బిడ్డా?" అని అడిగింది. ఆ మాటకు వాడి దగ్గర జవాబు లేదు. వాడు మాకు చెప్పినప్పుడు మా దగ్గర కూడా లేదు. ఆ జవాబు కోసం వెతుకుతూ మేము తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

పేపర్లో వచ్చే అంకె ఎక్కడిది?

మన దేశంలో గాలి నాణ్యతా సూచీని 2014లో ప్రకటించి, 2015లో అమలులోకి తెచ్చారు. దుమ్ము కణాలు, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం వంటి 8 కాలుష్యాలను లెక్కలోకి తీసుకుని ఒకే అంకెగా చెబుతారు. ఆ అంకె 50 లోపు ఉంటే గాలి బాగున్నట్టు, 51 నుంచి 100 వరకు సంతృప్తికరం, ఆ పైన మధ్యస్థం, అలా 400 దాటితే తీవ్రం. మొత్తం 6 మెట్లు.

ఈ లెక్కకు కావలసిన కొలతలను నగరంలో కొన్ని చోట్ల పెట్టిన కేంద్రాలు ఇస్తాయి. హైదరాబాదులో సనత్‌నగర్, జూ పార్కు, పటాన్‌చెరు వంటి చోట్ల ఇవి ఉన్నాయి. యంత్రాలు మంచివి, ఖరీదైనవి, రాత్రింబవళ్లు పనిచేస్తాయి. వాటిని తప్పు పట్టవలసిన పని లేదు. నగరం మొత్తం మీద కాలుష్యం ఏటేటా పెరుగుతోందా, తగ్గుతోందా అని తెలుసుకోవడానికి అవే ఆధారం.

కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ యంత్రం గాలిని లోపలికి పీల్చే గొట్టం మనిషి తల కంటే ఎత్తున, కట్టిన చోటనే ఉంటుంది. అది రోడ్డు ఊడవదు, ఆటో నడపదు, పొయ్యి ముందు కూర్చోదు. అది ఉన్న చోటి గాలిని చెబుతుంది. మనిషి మాత్రం రోజంతా ఒక్క చోట ఉండడు. కాబట్టి కేంద్రం చెప్పిన అంకె నిజమే అయినా, అది ఏ ఒక్క మనిషి పీల్చిన గాలి లెక్కా కాదు. ఈ తేడా తెలిస్తే ఆ తల్లి అడిగిన ప్రశ్న సగం అర్థమైనట్టే.

కంటికి కనపడని దుమ్ము

దుమ్ములో రకాలున్నాయి. 10 మైక్రాన్లు, అంతకంటే చిన్నవైన కణాలను పి.ఎం. 10 అంటారు. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవాటిని పి.ఎం. 2.5 అంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. అంటే పి.ఎం. 2.5 కణం మన వెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తేమ పెద్ద దుమ్మును చాలావరకు ఆపుతాయి. ఈ సన్న కణాలు మాత్రం ఊపిరితిత్తుల లోపలి గాలి సంచుల దాకా పోతాయి. వాటిలో మరీ చిన్నవి రక్తంలోకి కూడా చేరతాయి. దగ్గు, ఆయాసం మాత్రమే కాదు, గుండె జబ్బులకు, పక్షవాతానికి కూడా ఇవి కారణమని వైద్యులు చెబుతున్నారు.

2009లో మన దేశం పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిలో పి.ఎం. 2.5 ఒక రోజు సగటున 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన ఇంకా కఠినమైనది. రోజుకు 15, ఏడాదికి 5.

ఒంటి మీద పెట్టుకునే పరికరం

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే వారిని ఎప్పుడైనా చూశారా? వారి చొక్కాకు ఒక చిన్న బిళ్ల తగిలించి ఉంటుంది. వారి ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బిళ్ల లెక్కపెడుతుంది. కొంత కాలానికి దాన్ని పరీక్షకు పంపి చూస్తారు. గది గోడ మీద కాదు, మనిషి మీదనే కొలత పెట్టాలనే ఆలోచన అలా చాలా కాలం నుంచీ ఉంది. గాలికి కూడా అదే పద్ధతి తెచ్చారు.

మొదట్లో ఇవి చిన్న పంపు, వడపోత కాగితం ఉన్న సంచులు. పంపు గాలిని లాగితే కాగితం మీద దుమ్ము పేరుకునేది. ముందు, తర్వాత ఆ కాగితాన్ని తూకం వేసి తేడా చూసేవారు. ఇప్పటికీ ఖచ్చితమైన పద్ధతుల్లో ఇది ఒకటి. అయితే మొత్తం ఎంత దుమ్ము వచ్చిందో తెలుస్తుంది గానీ, ఏ గంటలో వచ్చిందో తెలియదు.

ఇప్పుడు వచ్చిన చిన్న సెన్సర్లు వేరే విధంగా పనిచేస్తాయి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉండే డబ్బాలో ఒక బుల్లి ఫ్యాను ఉంటుంది. అది గాలిని లోపలికి లాగుతుంది. లోపల ఒక లేజర్ కిరణం ఉంటుంది. పొద్దున కిటికీలో నుంచి ఎండ పడినప్పుడు ఆ వెలుగులో దుమ్ము మెరవడం మనం హాస్టల్ గదిలో రోజూ చూసిందే. ఇక్కడ కూడా అంతే. కణం అడ్డం వచ్చినప్పుడు వెలుగు చెదురుతుంది. చెదిరిన ఆ వెలుగును పక్కనున్న గ్రాహకం పట్టుకుని, ఎన్ని కణాలు, ఏ పరిమాణంలో ఉన్నాయో అంచనా వేస్తుంది. దీనికి జి.పి.ఎస్. తోడైతే ఏ చోట, ఏ సమయాన అనేది కూడా నమోదవుతుంది. లెక్కంతా ఫోనులో కనిపిస్తుంది. కొన్నింటిలో ఎండ వేడి, తేమ, చప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ వంటివి కొలిచే భాగాలు కూడా ఉంటాయి.

దీన్ని జేబులో పెట్టుకుంటే లాభం లేదు. ముక్కుకు జానెడు, జానెడున్నర దూరంలో, అంటే మెడకో భుజానికో తగిలించుకోవాలి. మనం పీల్చేది అక్కడి గాలినే కదా!

ఒకే నగరం, ఒకే రోజు, రెండు లెక్కలు

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఈ అంకెలు ఎవరినీ కొలిచి తెచ్చినవి కావు. పద్ధతి అర్థం కావడానికి మేము అనుకున్నవి. ఆ రోజు కేంద్రం చెప్పిన పి.ఎం. 2.5 సగటు 45 అనుకుందాం. సూచీ ప్రకారం అది "సంతృప్తికరం".

మొదటి మనిషి ఆఫీసు ఉద్యోగి. ఇల్లు, ఆఫీసు కలిపి 22 గంటలు 35 ఉన్న గాలిలో ఉన్నాడు. 2 గంటలు ట్రాఫిక్‌లో 90 ఉన్న గాలిలో ఉన్నాడు. 22ను 35తో గుణిస్తే 770. 2ను 90తో గుణిస్తే 180. మొత్తం 950. దాన్ని 24తో భాగిస్తే సుమారు 40.

రెండో మనిషి రోడ్డు ఊడ్చే తల్లి. 6 గంటలు 120 ఉన్న గాలిలో ఊడ్చింది. 2 గంటలు కట్టెల పొయ్యి దగ్గర 300 ఉన్న పొగలో ఉంది. 2 గంటలు పనికి పోవడానికి, రావడానికి 90 ఉన్న గాలిలో ఉంది. మిగిలిన 14 గంటలు ఇంట్లో, 40 ఉన్న గాలిలో. 720, 600, 180, 560 కలిపితే 2060. దాన్ని 24తో భాగిస్తే సుమారు 86.

ఒకే నగరం, ఒకే రోజు. ఒకరికి 40, ఇంకొకరికి 86. పేపర్లో మాత్రం ఇద్దరికీ కలిపి 45. ఆమె లెక్కలో చీపురు, పొయ్యి కలిపి 8 గంటలే. కానీ ఆమెకు తగిలిన దుమ్ములో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఆ 8 గంటల్లోనే తగిలింది. ఇంకో సంగతి కూడా ఉంది. కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. ఒళ్లు వంచి పని చేసే మనిషి దానికి రెండు మూడు రెట్లు పీలుస్తాడు. కాబట్టి లోపలికి పోయే దుమ్ములో తేడా ఈ సగటులో కనిపించే దానికంటే ఇంకా ఎక్కువ.

"ఎవరి గాలి?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. గాలి అందరిదీ ఒకటి కాదు. అది చేసే పనిని బట్టి, ఉండే ఇంటిని బట్టి మారుతుంది.

ఇలా కొలిచి తెలుసుకున్నవి

అమెరికాలో 1980 దశకంలో అక్కడి పర్యావరణ సంస్థ కొన్ని పట్టణాల ప్రజలకు చిన్న పరికరాలు ఇచ్చి, రోజంతా వెంట ఉంచుకోమని చెప్పింది. రసాయన కర్మాగారాల దగ్గర ఉన్న ఊళ్లలో కూడా చాలా రకాల రసాయన ఆవిర్లు బయటి గాలి కంటే మనిషి వెంట ఉన్న పరికరంలోనే ఎక్కువగా కనిపించాయి. సిగరెట్ పొగ, ఇంట్లో వాడే ద్రావకాలు, రంగులు వంటివి కారణమని తేలింది. బయట మాత్రమే కొలిస్తే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయం వారు 1998 నుంచి పేద వాడల్లోని గర్భిణీ స్త్రీలకు, నల్లజాతి వారికి, డొమినికన్ వారికి, చిన్న సంచులు ఇచ్చి 48 గంటలు మోయించారు. ఆ సంచిలోని పరికరం పెట్రోలు, డీజిలు, బొగ్గు వంటివి మండినప్పుడు వచ్చే విష పదార్థాలను పట్టింది. పుట్టిన పిల్లలకు 5 ఏళ్లు వచ్చాక తెలివితేటల పరీక్ష పెట్టారు. 2009లో అచ్చయిన ఫలితం ప్రకారం 249 మంది పిల్లల్లో, తల్లులు ఎక్కువ కాలుష్యం పీల్చిన వారి పిల్లలకు సగటున 4 పాయింట్లకు పైగా తక్కువ వచ్చాయి. చదువే ఆస్తిగా పెరిగిన మనం ఈ అంకెను తేలికగా తీసుకోలేం.

ఢిల్లీలో 2010లో ఆటోలో పరికరాలు పెట్టి కొలిచారు. నగరంలోని మామూలు గాలితో పోలిస్తే ఆటోలో పి.ఎం. 2.5 సుమారు ఒకటిన్నర రెట్లు, నల్లని మసి మూడు రెట్లకు పైగా ఉంది. ప్రయాణికుడు అరగంటలో దిగిపోతాడు. మన హాస్టల్ పిల్లల్లో ఎంతమంది నాన్నలు, అన్నలు పొద్దస్తమానం ఆ సీటులోనే కూర్చుంటారో మనకు తెలుసు.

మన దగ్గర కూడా ఇలాంటి పని జరిగింది. హైదరాబాదు శివారు గ్రామాల్లో స్పెయిన్‌లోని బార్సిలోనా పరిశోధకులు, మన జాతీయ పోషకాహార సంస్థ తదితరులు కలిసి "చాయ్" అనే పేరుతో ఒక అధ్యయనం చేశారు. గ్రామస్థులు దుమ్మును కొలిచే పరికరంతో పాటు, తనంతట తానే ఫొటోలు తీసే చిన్న కెమెరాను కూడా ధరించారు. ఏ సమయంలో దుమ్ము పెరిగిందో పరికరం చెబితే, ఆ సమయంలో మనిషి ఏం చేస్తున్నాడో ఫొటో చెప్పింది. వంట పొగ, పక్కవారి బీడీ సిగరెట్ పొగ, పనిచేసే చోటు వంటివి ఎలా లెక్క పెంచుతున్నాయో అలా బయటపడింది.

పరికరం చెప్పిందల్లా వేదం కాదు

ఇంత చెప్పాక దీని లోపాలు కూడా చెప్పాలి. చిన్న సెన్సరు దుమ్మును తూకం వేయదు, చెదిరిన వెలుగును చూసి అంచనా వేస్తుంది. వానాకాలంలో, మంచు పట్టిన తెల్లవారుజామున కణాలు తేమ పీల్చి ఉబ్బుతాయి. అప్పుడు ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి దాన్ని ముందుగా కొన్ని రోజులు నమ్మకమైన పెద్ద యంత్రం పక్కన ఉంచి, తేడా ఎంతో చూసి సరిచేసుకోవాలి. రెండు పరికరాలు పక్కపక్కన పెట్టి రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో కూడా చూడాలి.

ఇంకొక లోపం మనకు మరీ ముఖ్యం. ఈ సెన్సర్లు సన్నని పొగను బాగానే పడతాయి గానీ, ముతక దుమ్మును సరిగా పట్టలేవు. చీపురు లేపేది ఎక్కువగా ముతక దుమ్మే. అంటే ఎవరి లెక్క తెలియాలని మనం అనుకుంటున్నామో, ఆ ఊడ్చే మనిషి లెక్కనే ఇది తక్కువ చేసి చెప్పే ప్రమాదం ఉంది. అలాంటి చోట పంపు, వడపోత కాగితం ఉన్న పాత పద్ధతే మేలు. పరికరం తక్కువ చూపించింది కదా అని "నీకేమీ కాలేదు" అనే వారికి ఈ సంగతి చెప్పగలగాలి.

వాచీ ఎవరి చేతికి, లెక్క ఎవరి చేతిలో?

కొన్నేళ్ల కిందట నాగపూర్, చండీగఢ్ వంటి నగరాల్లో పారిశుద్ధ్య కార్మికుల చేతులకు జి.పి.ఎస్. ఉన్న వాచీలు కట్టారు. అవి వారు పీల్చే దుమ్మును కొలవడానికి కాదు. పనికి వచ్చారా, ఎక్కడ ఉన్నారు, ఎంతసేపు ఉన్నారు అని చూడడానికి. చండీగఢ్‌లో కార్మికులు దీన్ని వ్యతిరేకించి నిరసన తెలిపారు. తమను నమ్మడం లేదని, ప్రతి అడుగూ కనిపెడుతున్నారని వారి బాధ.

ఇందులో మనకు పెద్ద పాఠం ఉంది. అదే చేతికి, అదే పరిమాణంలో ఉన్న పరికరం. ఒకటి "నువ్వు ఎక్కడ కూర్చున్నావు?" అని అడుగుతుంది. ఇంకొకటి "నీ ఊపిరితిత్తుల్లోకి ఏం పోయింది?" అని అడుగుతుంది. మొదటి ప్రశ్న అడగడానికి డబ్బు దొరికినప్పుడు రెండో ప్రశ్న అడగడానికి కూడా దొరకాలి. ఎక్స్‌రే గదిలో పనిచేసే వారికి బిళ్ల ఉండాలని నియమం ఉన్నప్పుడు, దుమ్ములో పనిచేసే వారికి ఎందుకు ఉండకూడదు?

అయితే గాలిని కొలిచే పరికరంలో కూడా జి.పి.ఎస్. ఉంటుందని మరువకండి. కాబట్టి మూడు మాటలు ముందే రాసుకోవాలి. ధరించే మనిషికి అంతా వివరించి ఒప్పుకుంటేనే ఇవ్వాలి. లెక్క మొదట ఆ మనిషికే, అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. ఆ లెక్కను హాజరుకు, జీతం కోతకు వాడకూడదు. ఈ మూడూ లేకపోతే అది ఇంకొక నిఘా వాచీయే అవుతుంది.

మన హాస్టల్లో ఏం చేయవచ్చు?

తమ్ముళ్లారా, "ఇవన్నీ పెద్ద నగరాల సంగతులు, మన దగ్గర పరికరాలు ఎక్కడున్నాయి?" అనుకోకండి. పరిశోధకులు కూడా పరికరంతో పాటు ఒక నోటు పుస్తకం తప్పక ఇస్తారు. దాన్ని దినచర్య పట్టిక అంటారు. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం చేస్తూ ఉన్నాం, దగ్గరలో పొగ గానీ దుమ్ము గానీ ఉందా, ఈ నాలుగూ రాయాలి. ఒక రోజు మీరు రాయండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మను, నాన్నను అడిగి వారి రోజు కూడా రాయండి. పరికరం లేకపోయినా ఏ గంటల్లో ఎక్కువ పొగ తగులుతోందో ఆ పుస్తకమే చూపిస్తుంది.

హాస్టల్లో మొదట చూడవలసిన చోటు వంటగది. మనందరికీ రెండు పూటలా అన్నం వండే వంట మనిషి, పక్కన సాయం చేసే కామాటి ఎన్ని గంటలు ఆవిరిలో, పోపు పొగలో నిలబడుతున్నారో రాసి చూడండి. కిటికీలు తెరిచి ఉన్నాయా, పొగ బయటికి పోయే ఫ్యాను తిరుగుతోందా చూడండి. తిరగకపోతే పట్టిక చూపించి వార్డెన్ సారును అడగండి. గదులు ఊడ్చే ముందు కొంచెం నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. చెత్త, ముఖ్యంగా ప్లాస్టిక్, ఆవరణలో కాల్చకూడదు. ముఖానికి కట్టుకునే చేతి రుమాలు ముతక దుమ్మును కొంత ఆపుతుంది గానీ సన్న కణాలను పెద్దగా ఆపలేదు. దానికి ఎన్-95 రకం మాస్కు కావాలి, అది కూడా ముఖానికి బిగుతుగా ఉండాలి.

పూర్వ విద్యార్థులుగా మా వంతు కూడా ఉంది. చిన్న సెన్సరు ఇప్పుడు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతోంది. మా బ్యాచ్ తరఫున ఒకటి కొని హాస్టల్ సైన్స్ క్లబ్బుకు ఇస్తాం. దాన్ని ఎలా సరిచూసుకోవాలో, లెక్క ఎలా రాయాలో వచ్చి చూపిస్తాం. మొదట వంటగదిలో, తర్వాత గదుల్లో, తర్వాత బస్టాండు దారిలో కొలవండి. వచ్చే ఏడాది ఇదే సంచికలో మీరు వ్యాసం రాయండి.

చివరగా ఒక మాట. మా మిత్రుడు ఈ లెక్క అంతా కాగితం మీద వేసి తల్లికి చూపించాడు. ఆమెకు చదువు రాదు. 45 ఎక్కడ, 86 ఎక్కడ అని వేలు పెట్టి చూపిస్తే శ్రద్ధగా విన్నది. "నాకు తెలుసు బిడ్డా. దగ్గేది నేనే కదా. ఈ కాగితం వాళ్లకు చూపించు" అన్నది.

మన తల్లిదండ్రులకు తమ ఒంటి మీది కష్టం తెలుసు. దాన్ని అంకెల్లో రాసి, అడగవలసిన చోట అడగడానికే మనల్ని హాస్టల్‌కు పంపి చదివించారు. ఆ లెక్క రాయడం మనం నేర్చుకుందాం.